విషం బయటికి పోతోందట!

మా అక్కయ్య కుడికాలి చిటికెన వేలు ఇప్పుడు లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. బెంగాల్ నాగపూర్ రైల్వే 1891లో ఈ ఊరి మీదుగా నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా బండ్లు నడపడం మొదలుపెట్టింది. ఆ కంపెనీలో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లలో మా తాతగారొకరు. నేను బీకాం చదివి, రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక మళ్లీ ఇక్కడికే చేరాను. డాక్టర్ని కాను. లెక్కలవాడిని.

చిన్నప్పుడు ఆదివారం వస్తే క్వార్టర్ వెనక వసారాలో మాకు తలంటు. అమ్మ నువ్వులనూనె ఒళ్లంతా పట్టించి మర్దనా చేసేది. తర్వాత సున్నిపిండి, కుంకుడురసం. కళ్లలో రసం పడితే నోట్లో ఉప్పుకల్లు వేసేది. ఆ ఉప్పొక్కటే అందులో మూఢనమ్మకం! స్నానమయ్యాక పట్టే నిద్ర మాత్రం అబద్ధం కాదు. దానితో రోగాలు పోతాయని అమ్మ ఏనాడూ అనలేదు.

రెండేళ్ల క్రితం అక్కయ్య ఊళ్లో ఒక స్పాకి వెళ్లింది. ఒళ్లు నొప్పులకి మర్దనా, ఆవిరిపెట్టె, పాదాల కింద వేడిరాళ్లు. మొత్తం కలిపి 'డీటాక్స్ ప్యాకేజీ'. ఆమెకి పదిహేనేళ్లుగా షుగర్. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. అరికాళ్లు మొద్దుబారాయి కనుక కాలినట్టు తెలియలేదు. రాత్రికి బొబ్బలొచ్చాయి. ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, "మంచిదే అమ్మా, లోపలి విషం బయటికి పోతోంది" అంది. అక్కయ్య నమ్మి నాలుగు రోజులు ఆగింది. పుండు ముదిరింది. చివరికి వేలు తీసేశారు.

ఆ అమ్మాయి చెడ్డది కాదు. తనకి నేర్పిన మాట తిరిగి చెప్పింది. మరి ఆ మాట ఎక్కడిది? లెక్కల్లో తప్పు దొరికితే మేం అసలు వోచరు దాకా వెళతాం. ఇక్కడా అదే చేశాను.

వోచరు జర్మనీలోని లైప్‌జిగ్‌లో దొరికింది. లూయీ కూనే (1835-1901) అనే వైద్యపట్టా లేని ఆయన 1883లో అక్కడ చికిత్సాలయం తెరిచాడు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: రోగాలెన్ని ఉన్నా కారణం ఒకటే, శరీరంలో పేరుకున్న 'పరాయి పదార్థం'. తొట్టిస్నానాలతో, ఆవిరితో, శాకాహారంతో దాన్ని వెళ్లగొడితే సరి. ఆయన పుస్తకాన్ని 1894లో ద్రోణంరాజు వెంకటచలపతి శర్మగారు తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతివైద్య ప్రచారానికి ఆ అనువాదమే తొలిమెట్టని ఆ వైద్యులే గర్వంగా చెప్పుకుంటారు. అంటే ఈ సరుకు దిగుమతిలో మన తెలుగువాళ్లమే ముందున్నాం!

కూనేకి న్యాయం చేయాలి. ఆనాటి డాక్టర్లు పాదరసం మందులిచ్చేవారు. దానికన్నా చన్నీటి తొట్టి నయం. గాంధీగారు 1902లో బొంబాయిలో కొడుకు మణిలాల్‌కి టైఫాయిడ్ వస్తే కూనే స్నానాలే చేయించారు. పిల్లవాడు బతికాడు. అయితే అది స్నానాల వల్లనా, పథ్యం వల్లనా, దేవుడి దయ వల్లనా అన్నది ఎవరికి తోచినట్టు వారు తేల్చుకోమని ఆత్మకథలో ఆయనే వదిలేశారు. మందు వాడకుండానే కోలుకున్న టైఫాయిడ్ రోగులు ఆ రోజుల్లోనూ ఎందరో ఉన్నారు. ఒక్కడు బాగుపడితే అది రుజువు కాదు.

అసలు ప్రమాదం ఈ వైద్యంలోని మరో సూత్రంలో ఉంది. చికిత్స మధ్యలో జ్వరం, దద్దురు, పుండు వస్తే అది రోగం పోతున్న గుర్తేనట! గుణం కనిపిస్తే జమ, హాని జరిగినా జమే. ఖర్చు కాలమే లేని చిట్టాలో నష్టం ఎలా కనిపిస్తుంది?

పోనీ, ఆ విషం పేరేమిటి? 2009లో బ్రిటన్‌లో కొందరు యువ శాస్త్రవేత్తలు డీటాక్స్ పేరుతో అమ్మే పదిహేను వస్తువుల కంపెనీలను ఇదే అడిగారు. ఏ రెండు కంపెనీలూ డీటాక్స్‌కి ఒకే అర్థం చెప్పలేకపోయాయి. ఒంట్లోని వ్యర్థాలను వడకట్టే పని రాత్రింబవళ్లు కాలేయం, మూత్రపిండాలు చేస్తున్నాయి. చెమట ప్రధానంగా నీరూ ఉప్పూ. అది ఒంటిని చల్లబరచడానికి.

మర్దనా వద్దని నేననను. నడుంనొప్పికి కొంతకాలం ఉపశమనం ఉంటుంది, మనసు తేలికపడుతుంది. సుఖాన్ని సుఖంగా అమ్మితే తప్పులేదు. సుఖానికి వైద్యం ముసుగు వేస్తేనే జాగ్రత్త చచ్చిపోతుంది. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి మాయా చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం కూడా.

మా డాక్టరుగారి దగ్గర కూర్చుని, ఒళ్లు ముట్టుకునే ముందు అడగవలసిన ప్రశ్నలు ఒక కాగితం మీద హిందీలో రాశాను. షుగర్ ఉందా, పాదాలు మొద్దుబారాయా? ఉంటే వేడి పెట్టకూడదు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? ఒక కాలే వాచి నొప్పిగా ఉందా? సిరలో గడ్డ ఉండొచ్చు, పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. ముందు డాక్టరు దగ్గరికి పంపాలి. గర్భిణీయా? గుండెజబ్బు, రక్తపోటు ఉన్నాయా? ఉంటే డాక్టరు సరే అంటేనే ఆవిరి. నూనె ముందుగా ముంజేతి మీద కాస్త రాసి చూశారా? చివరగా, బొబ్బ లేస్తే అది కాలిన గాయమే. వెంటనే చన్నీళ్లు, తర్వాత ఆసుపత్రి.

ఆ కాగితం పట్టుకుని స్పాకి వెళ్లాను. యజమాని చదవకుండానే సొరుగులో పడేశాడు. ఆ అమ్మాయి మాత్రం గుమ్మం దాకా వచ్చి, "అంకుల్, నాకొకటి ఇస్తారా?" అని అడిగింది. నా దగ్గరున్న రెండో కాపీ ఇచ్చాను.