కామ్‌స్టాక్ గనుల షేర్ పత్రాల సేకరణ

అమెరికాలోని నెవాడాలో 1859లో బయటపడ్డ కామ్‌స్టాక్ వెండి నిక్షేపాన్ని తవ్విన కంపెనీల పాత షేర్ పత్రాలను కూడబెట్టే అభిరుచి ఇది. పాత షేర్, బాండు పత్రాలు సేకరించే స్క్రిపోఫిలీలో ఇదొక శాఖ. ఓఫిర్, సావేజ్, ఎల్లో జాకెట్, కన్సాలిడేటెడ్ వర్జీనియా వంటి కంపెనీల పత్రాలకు గిరాకీ ఎక్కువ. ఈ షేర్ల వ్యాపారంతోనే 1862లో ఏర్పడిన శాన్‌ఫ్రాన్సిస్కో స్టాక్ ఎక్స్ఛేంజి ఎదిగింది.

అచ్చులోని గని బొమ్మ, కంపెనీ అధ్యక్షుడి సంతకం, రద్దుచేసినప్పుడు పడ్డ చిల్లులు, అన్నిటికన్నా ముఖ్యంగా అరుదుదనం ధరను నిర్ణయిస్తాయి. వీటి వెనకున్న చరిత్ర మరింత విలువైనది: చాలా కంపెనీలు లాభం పంచకపోగా, తవ్వకం ఖర్చుకు వాటాదారుల నుంచే పదేపదే సొమ్ము వసూలు చేశాయి. కట్టలేనివారి షేర్లను వేలం వేశాయి. వెండి దొరికినవారి కథలు అందరికీ తెలుసు. నష్టపోయిన మామూలు మదుపరుల పేర్లు మిగిలింది ఈ కాగితాల మీదే.