చంటిది అంగన్‌వాడీకి వెళితేనే అక్క బడికి వెళ్తుంది

మన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్లలో మిరపకోతలు వచ్చాయంటే తెల్లారేసరికి ఆడవాళ్లమంతా చేలల్లోనే ఉంటాం. మన అమ్మల కాలంలో చంటిబిడ్డ ఎక్కడ ఉండేది? గట్టుమీద వేపచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో. ఊపేదెవరు? ఎనిమిదేళ్ల అక్క. కోతలు అయ్యేదాకా ఆ పిల్లకు బడి లేదు. రెండేళ్లు అలా గడిస్తే మూడో ఏడు ఇక బడి ఊసే ఉండదు. మన సంఘాల్లో వేలిముద్రతో చేరిన పెద్దవాళ్లలో ఆ ఉయ్యాలలు ఊపినవాళ్లు ఉన్నారు. అందుకే ఈసారి నివేదికలో పొదుపు, అప్పుల లెక్కలతో పాటు పిల్లల పథకాల చరిత్ర కూడా రాస్తున్నాం.

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని మొదలుపెట్టింది. దాన్నే మనం ఐసీడీఎస్ అంటున్నాం. అప్పుడు దేశం మొత్తానికి 33 ప్రాజెక్టులే. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పడం, మూడేళ్లు దాటిన పిల్లలకు ఆటపాటల చదువు, ఇవీ దాని ఆరు పనులు.

ఊరూరికీ అంగన్‌వాడీ రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. 2001లో గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే జనం ఆకలితో ఉన్నారంటూ పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు, ప్రతి నివాస ప్రాంతంలో అంగన్‌వాడీ ఉండాలని, సర్కారు ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2006 డిసెంబరు 13న ఇంకో మాట చెప్పింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని చోట ఊరివాళ్లు అడిగితే, మూడు నెలల్లోగా ఇవ్వాలి. ఈ మాట మనలో చాలామందికి తెలియదు. అడిగితే ఇవ్వాలన్నారు కాబట్టి ముందు మనం అడగాలి.

2003 జనవరిలో మన రాష్ట్రంలో బడి భోజనం మొదలైంది. చాలాచోట్ల ఆ వంట డ్వాక్రా సంఘాల చేతికే వచ్చింది. అంటే ఈ చరిత్రలో మనం తీసుకునేవాళ్లమే కాదు, పెట్టేవాళ్లం కూడా. బిల్లులు ఆలస్యమైతే కిరాణాకొట్లో అరువు తెచ్చి పొయ్యి వెలిగించిన అక్కల కష్టాన్ని ఎవరూ లెక్క రాయలేదు. ఇక్కడైనా రాస్తున్నాం.

2013లో ఆహార భద్రత చట్టం వచ్చాక పిల్లల తిండి, గర్భిణుల తిండి చట్టం ఇచ్చిన హక్కు అయ్యింది. అదే ఏడాది మన రాష్ట్రంలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే అన్నం, పప్పు, గుడ్డు, పాలతో ఒక పూట నిండు భోజనం మొదలైంది. తర్వాత ఆ పథకం పేరు మారింది, పెట్టే పద్ధతీ మారింది. బడి పిల్లల తల్లులకు డబ్బిచ్చే పథకం 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం. ప్రభుత్వాలు మారితే పేర్లు మారతాయి. పేరుతో మనకు పనిలేదు. బిడ్డ నోటికి గుడ్డు అందిందా, అక్క చేతిలో పలక ఉందా అన్నదే మన లెక్క.

ఒక్క లోటు అలాగే ఉంది. మూడేళ్లు దాటిన పిల్లలు పగలంతా అంగన్‌వాడీలో ఉంటారు. మూడేళ్లలోపు చంటిదానికి సరుకు ఇంటికి వస్తుంది గానీ, దాన్ని చూసుకునే చోటు లేదు. కోతల్లో ఇప్పటికీ ఆ బరువు అక్క చంకనే పడుతోంది. అంగన్‌వాడీలోనే ఆరునెలల పిల్లల నుంచి చూసుకునే శిశుసంరక్షణ కేంద్రాల కోసం 2022లో కేంద్రం పాల్నా పథకం తెచ్చింది. దాన్ని మన ఊళ్లకు అడగాల్సింది మనమే.

కాబట్టి ప్రతి గ్రామసంఘం వచ్చే సమావేశంలో మూడు పేర్ల పట్టీలు రాయాలి. మూడేళ్లలోపు పిల్లలవి, అంగన్‌వాడీకి రాని పిల్లలవి, కోతల రోజుల్లో బడి మానే ఆడపిల్లలవి. తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, ఒక నకలు మన దగ్గర ఉంచుకుని ఐసీడీఎస్ ఆఫీసులో ఇద్దాం. అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కడం మనకు కొత్త కాదు. ఈసారి చంటిపిల్లల కోసం ఎక్కుదాం.