ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో కేంద్ర, రాష్ట్ర అధికారాలు: చరిత్ర

కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరులలో జనం బతుకు మూడింటి మీద నడుస్తుంది: తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు, పత్తి, మగ్గం. నీటిపారుదల, సహకార సంఘాలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. పత్తి వ్యాపారం ఉమ్మడి జాబితాలోది. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణను పార్లమెంటు చట్టం చేసి కేంద్రం చేతిలోకి తీసుకోవచ్చు. కాగితం మీద గీత ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణలో అది చాలాసార్లు అటూ ఇటూ జరిగింది. నీటి విషయంలో కేంద్రం బలవంతంగా చొరబడిందనడం కంటే, రెండు రాష్ట్రాలు ఒకదాన్నొకటి నమ్మలేక పిలిచి కూర్చోబెట్టాయనడమే నిజానికి దగ్గర.

ఈ సీమ దూరపు పాలకులకు కొత్త కాదు. విజయనగరం తర్వాత బిజాపూర్ సుల్తానులు, మొగలులు ఆదోని కోటను ఏలారు. ఆపై అది నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరైంది. 1786లో టిప్పు సుల్తాన్ దాన్ని పట్టుకున్నాడు. 1800 ఒప్పందంతో నిజాం, మళ్లీ తన చేతికి వచ్చిన ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ఆ తర్వాత ఆదోని మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. 1919 సంస్కరణలు వ్యవసాయాన్ని మంత్రులకు అప్పగించి, నీటిపారుదలను మాత్రం గవర్నరు వద్దే ఉంచాయి. 1935 చట్టం నీటిని రాష్ట్రాలకు ఇచ్చింది. అయితే ఒక రాష్ట్రం చర్య వల్ల తన నీటికి నష్టమని ఇంకో రాష్ట్రం ఫిర్యాదు చేస్తే గవర్నర్ జనరల్ విచారణ సంఘం వేయవచ్చనే మెలిక కూడా పెట్టింది. అంతర్రాష్ట్ర నదీ వివాదాలపై నేటి 262వ అధికరణానికి మూలం అదే.

అసలు మలుపు 1953లో వచ్చింది. ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటులో బళ్లారి జిల్లాను తాలూకాల వారీగా విడదీశారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. మిగిలినవి మైసూరుకు వెళ్లాయి. రెండు భాషలవారూ ఉన్న బళ్లారి తాలూకా సంగతి తేల్చే పనిని హైదరాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాకు అప్పగించారు. ఆయన మైసూరు వైపే మొగ్గారు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకుని బళ్లారిని ఆంధ్రలో కలపాలని సిఫారసు చేసినా అది అమలు కాలేదు. రాష్ట్రాల హద్దులు గీసే అధికారం 3వ అధికరణం కింద పార్లమెంటుదే. శాసనసభ అభిప్రాయం అడుగుతారు తప్ప దాని సమ్మతి అక్కర్లేదు. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరాయి. వాటికి నీళ్లిచ్చే ఆనకట్ట, ఆ నీళ్లు పారి వచ్చే కాలువలో చాలా భాగం సరిహద్దు అవతల ఉండిపోయాయి.

అందుకే ఆంధ్ర రాష్ట్ర చట్టంలోని 66వ సెక్షన్‌కు ఇక్కడ రాజ్యాంగమంత బరువుంది. ప్రాజెక్టు పూర్తి చేయడానికి, నడపడానికి రాష్ట్రపతి తగిన ఏర్పాట్లు చేయవచ్చని ఆ సెక్షన్ చెప్పింది. దాని కింద 1955లో తుంగభద్ర బోర్డు పుట్టింది. అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది, సభ్యుల్లో ఎక్కువమంది రాష్ట్రాల నుంచి వస్తారు, ఖర్చు రాష్ట్రాలే పంచుకుంటాయి. బోర్డులో పనిచేసే ఇంజనీర్లు కూడా రాష్ట్రాల నుంచి డిప్యుటేషన్‌పై వచ్చినవాళ్లే. పేరుకు కేంద్ర సంస్థ, ఒళ్లంతా రాష్ట్రాలది.

కృష్ణా జలాల పంపకానికి కేంద్రం వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఇచ్చి, 1976లో ఖరారు చేసిన తీర్పు తర్వాత లెక్క స్థిరపడింది. దిగువ కాలువలో ఆంధ్ర వాటా 24 టీఎంసీలు, ఎగువ కాలువలో 32.5 టీఎంసీలు. జలాశయంలోకి ఎంత నీరు వస్తుందో బోర్డు ఏటా అంచనా కడుతుంది. తగ్గితే అందరి వాటాలూ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. రాష్ట్రం ఇండెంటు పెడితే నీళ్లు వదులుతారు. వదిలిన నీళ్లు సుమారు 250 కిలోమీటర్లు బోర్డు అజమాయిషీలోని కాలువలో పారాక గానీ హానవాలు దగ్గర రాష్ట్ర జలవనరుల శాఖ చేతికి అందవు. ఆ దూరంలోనే మోటార్లు, పైపులు, అనధికార సాగు. లెక్కలో ఆంధ్రకు వదిలిన క్యూసెక్కులకూ చివరి ఆయకట్టు రైతు పొలంలో తడిసిన సాళ్లకూ పొంతన కుదరదు. కాలువ కాపలా లస్కరును అడిగితే పైనుంచే రాలేదంటాడు. ఆ ‘పైన’ అనేది ఒకప్పుడు జిల్లా కార్యాలయం. 1953 తర్వాత అది పక్క రాష్ట్రం. జలచౌర్యం ఆపాలంటే బోర్డు దగ్గర పోలీసు బలగం లేదు. శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవి, ఆ రాష్ట్రం కర్ణాటక. సుమారు లక్షన్నర ఎకరాల ఆయకట్టు ఉన్నా, ఈ మండలాల నుంచి ఏటా వేలాదిమంది సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

2014 పునర్విభజన చట్టం 91వ సెక్షన్‌తో బోర్డులో పాత ఆంధ్రప్రదేశ్ స్థానంలో రెండు రాష్ట్రాలు వచ్చాయి. 2023 కేంద్ర బడ్జెట్ కర్ణాటకలోని ఎగువ భద్ర ప్రాజెక్టుకు 5,300 కోట్ల రూపాయలు ప్రకటించినప్పుడు రాయలసీమ నుంచి నిరసన లేచింది. పంపకం చేసే పెద్దమనిషే ఎగువనున్న వాళ్ల ఖర్చు భరిస్తే దిగువ వాళ్లకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

పత్తి కథ వేరు. 1954లో మూడో రాజ్యాంగ సవరణ ఉమ్మడి జాబితా 33వ అంశంలోకి గింజ తీసినా తీయకపోయినా పత్తిని, పత్తి గింజలనూ పేరు పెట్టి చేర్చింది. రాష్ట్రంలో పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటైన ఆదోని యార్డుకు రైతు తెచ్చిన ఒక్క లాటును చూస్తే చాలు. యార్డు, కాటా, మార్కెట్ సెస్సు 1966 నాటి రాష్ట్ర చట్టం కిందివి. కనీస మద్దతు ధర ఢిల్లీలో ఖరారవుతుంది. ఆ ధరకు కొనాల్సింది కేంద్ర సంస్థ కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ). తేమ 12 శాతం దాటితే అది కొనదు. అప్పుడు రైతుకు మిగిలేది స్థానిక వ్యాపారి టెండరు. జీఎస్టీకి ముందు పత్తి కేంద్రం ‘ప్రకటిత సరుకు’. రాష్ట్రం తన ఇష్టం వచ్చినంత అమ్మకం పన్ను వేయడానికి వీల్లేదు, పరిమితి కేంద్ర చట్టంలో ఉండేది. 2020 వ్యవసాయ చట్టాలు యార్డు బయటి కొనుగోళ్ల మీద రాష్ట్రం సెస్సు వేయకుండా చేయబోయాయి. అందుకు కేంద్రం ఆధారం చేసుకున్నది ఆ 33వ అంశాన్నే. 2021లో అవి రద్దయ్యాయి. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి సుంకం 11 శాతాన్ని తాత్కాలికంగా ఎత్తేసింది, తర్వాత ఆ గడువును డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. కొత్త పత్తి యార్డుకు వచ్చే రోజులవి. సుంకాలు పూర్తిగా కేంద్ర జాబితాలోవి కనుక రాష్ట్రం చేయగలిగింది లేఖ రాయడమే.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం ఇందుకు కొంత భిన్నమైన ఉదాహరణ. సంఘం రిజిస్ట్రేషను, పర్యవేక్షణ రాష్ట్రానివి. కానీ 1953లో మిల్లు బట్ట మీద అదనపు సుంకం వేసి ఆ డబ్బును చేనేతకు మళ్లించింది కేంద్రం. కొన్ని రకాలను మగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం చేసిందీ కేంద్రమే. ఆ చట్టాన్ని 1993లో సుప్రీంకోర్టు సమర్థించింది. మరమగ్గాలపై దాడులు చేసి దాన్ని అమలు పరచాల్సింది మాత్రం రాష్ట్ర శాఖలు. రక్షణ రాసినవారు ఒకరు, కాపలా కాయాల్సినవారు ఇంకొకరు కావడంతో చట్టం చాలావరకు కాగితానికే పరిమితమైంది. 2017 తర్వాత నూలు మీద పన్ను రేటును జీఎస్టీ మండలి నిర్ణయిస్తోంది. అందులో ఆంధ్రప్రదేశ్‌కూ ఓటుంది, అయితే మూడో వంతు బరువు కేంద్రం ఓటుదే.

రాష్ట్రం చేతిలో పూర్తిగా మిగిలిన అధికారాల్లో జిల్లాల ఏర్పాటు ఒకటి. 2022లో నంద్యాల విడిపోయాక ఆదోని కేంద్రంగా జిల్లా కావాలన్న కోరిక బలపడింది. అక్కడా జనగణన కోసం పాలనా సరిహద్దులను 2025 డిసెంబరు 31 తర్వాత కదపరాదన్న కేంద్ర గడువు అడ్డొచ్చింది.

మళ్లీ నీళ్ల సంగతికి వస్తే, 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. వారం తిరక్కుండా స్టాప్‌లాగ్ దిమ్మెలతో ప్రవాహాన్ని ఆపగలిగారు. గేట్ల నిర్వహణ బోర్డు బాధ్యత, అందుకయ్యే డబ్బు రాష్ట్రాల వాటా. తప్పెవరిదన్న వాదనలో ఇద్దరి దగ్గరా జవాబుంది. మరుసటి ఏడాది జలాశయాన్ని 80 టీఎంసీలకే పరిమితం చేసి, కొత్త గేట్లు బిగించడానికి రబీ నీళ్లు ఆపేశారు. దిగువ కాలువ కింద రెండో పంట లేకుండా పోయింది.