ఆరేళ్లకు వచ్చే దంతానికి కవచం: డెంటల్ సీలెంట్

పిల్లలకు సుమారు ఆరేళ్ల వయసులో, పాలపళ్ల వరుసకు వెనుక, పై దవడలో రెండు, కింది దవడలో రెండు కొత్త దంతాలు మొలుస్తాయి. వీటి కోసం ఏ పాలపన్నూ ఊడదు. అందువల్ల చాలామంది తల్లిదండ్రులు వీటిని కూడా పాలపళ్లుగానే భావించి, పుచ్చినా మళ్లీ కొత్తవి వస్తాయని ఊరుకుంటారు. వాస్తవానికి ఇవి శాశ్వత దంతాలు. ఒకసారి పోతే తిరిగి రావు. వీటిని పుచ్చకుండా కాపాడే సులభ మార్గాల్లో డెంటల్ సీలెంట్ ఒకటి.

గాడుల్లోనే ముప్పు

దవడ పళ్ల నమిలే భాగం చదునుగా ఉండదు. దానిపై లోతైన గుంటలు, సన్నని గాడులు ఉంటాయి. బ్రష్ కుచ్చు కూడా చొరలేని ఆ సందుల్లో ఆహారపు అణువులు నిలిచిపోతాయి. నోటిలోని బ్యాక్టీరియా అందులోని చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం ఎనామిల్‌ను క్రమంగా కరిగించడంతో పన్ను పుచ్చుతుంది. పేస్టులోని ఫ్లోరైడ్ దంతాల నునుపైన భాగాలను కాపాడినంతగా ఈ గాడులను కాపాడలేదు. సీలెంట్ ఆ గాడులను పలుచని పొరతో మూసివేస్తుంది.

పూసే విధానం

దంత వైద్యులు ముందుగా పన్నును శుభ్రం చేసి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన జెల్‌ను కొన్ని సెకన్లపాటు పూస్తారు. దానివల్ల ఎనామిల్ కాస్త గరుకుదేరుతుంది. తరువాత కడిగి, ఆరబెట్టి, ద్రవరూపంలోని రెజిన్‌ను గాడుల్లో పరచి, నీలికాంతితో గట్టిపరుస్తారు. ఇంజెక్షన్ గాని, డ్రిల్లింగ్ గాని అవసరం లేదు. ఒక్కో పన్నుకు కొద్ది నిమిషాలు చాలు. అయితే పూత పూర్తయ్యేవరకు ఆ పన్నుకు లాలాజలం తగలకూడదు. పన్ను పూర్తిగా బయటకు రాక తడి ఆరనప్పుడు గ్లాస్ అయొనోమర్ అనే మరో పదార్థాన్ని వాడతారు. అమెరికాలోని రోచెస్టర్‌కు చెందిన మైఖేల్ బ్యూనోకోర్ 1955లో ప్రకటించిన పరిశోధనే ఈ విధానానికి పునాది.

ఎంతవరకు రక్షణ?

అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం వివరాల ప్రకారం, సీలెంట్లు దవడ పళ్లలో పుచ్చును రెండేళ్లపాటు 80 శాతం మేరకు నివారిస్తాయి. నాలుగేళ్ల వరకు 50 శాతం మేరకు రక్షణ కొనసాగుతుంది. పూత అరిగినా, ఊడినా మళ్లీ వేయించుకోవచ్చు. అందుకే దంత పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ దానిని చూపించుకోవాలి. గాడులు లోతుగా ఉండి, పుచ్చు గాని ఫిల్లింగ్ గాని లేని పెద్దలకు కూడా ఇది ఉపయోగకరమే. ఇప్పటికే గుంటపడిన పిప్పిపన్నుకు మాత్రం ఫిల్లింగ్ వంటి చికిత్స తప్పదు.

మన దేశంలో

2002-03 జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో, 12 ఏళ్ల పిల్లల్లో 53.8 శాతం మందికి, 15 ఏళ్లవారిలో 63.1 శాతం మందికి పుచ్చుపళ్లు ఉన్నట్లు తేలింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడుల్లో, అంగన్‌వాడీల్లో జరిగే ఆరోగ్య పరీక్షల్లో దంత సమస్యలను కూడా పరిశీలిస్తారు. నల్గొండ వంటి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల తల్లిదండ్రులకు ఫ్లోరైడ్ చికిత్సలపై సందేహాలు ఉండవచ్చు. రెజిన్ సీలెంట్ ఫ్లోరైడ్‌పై ఆధారపడి పనిచేయదు. అది పన్నుకు, ఆహారానికి మధ్య అడ్డుగోడ మాత్రమే.

సీలెంట్ వేయించినంత మాత్రాన రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోవడం, తీపి తగ్గించడం మానరాదు. పళ్ల మధ్య సందులకు ఈ పూత రక్షణ ఇవ్వదు. మొదటి దవడ పళ్లు ఆరేళ్లకు, రెండవవి సుమారు 12 ఏళ్లకు వస్తాయి. ఆ రెండు వయసుల్లో పిల్లల నోటిని వెనుక వరకు పరిశీలించి, కొత్త పన్ను కనిపించగానే దంత వైద్యులకు చూపించడం శ్రేయస్కరం.