గ్రామఫోను రికార్డు – పద్యనాటక కథనం

20వ శతాబ్ది పూర్వార్ధంలో పద్యనాటక కథనాన్ని గ్రామఫోను ఖండించిందన్న అభిప్రాయం పాక్షికసత్యమే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాల గానమే పట్టేది. అందువల్ల తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయములు’లోని రాయబార పద్యం రికార్డుకెక్కినప్పుడు, దానికి ముందువెనుకల సంభాషణ చాలవరకు వెలుపలే నిలిచిపోయింది. అయితే పద్యం కోసం కథను ఆపే అలవాటు రంగస్థలం మీదనే ఉంది. ప్రేక్షకుడు ‘వన్స్‌మోర్’ అనగానే నటుడు అదే పద్యాన్ని మళ్లీ అందుకొనేవాడు. కౌరవసభ అంతసేపూ కాచుకొనవలసిందే! ఇంట్లో యంత్రం ముందు ఆ కోరికకు నటుని సమ్మతి గాని, తోటి ప్రేక్షకుల ఓర్పు గాని అక్కరలేకపోయింది. ముల్లును మళ్లీ మొదటి గాడిలో పెడితే చాలు. విడిచిన సంభాషణను భారతకథ నెరిగిన శ్రోత తనలో తానే పూరించుకొన్నాడు.