గంటకు ఎన్ని మిల్లీగ్రాములు?

సెలైన్ చరిత్ర రాసేవాళ్లు దాదాపు అందరూ ఒకే దారిలో నడుస్తారు. 1832 నాటి కలరా, ఆ తర్వాత గాజు సీసా, ప్లాస్టిక్ సంచి, చివరికి ఇన్ఫ్యూజన్ పంపు. అందులో ద్రవం చరిత్ర ఉంది, వేగం చరిత్ర లేదు. మొత్తం ఎంత ఎక్కించాలో తెలిసినంత మాత్రాన గంటకు ఎంత ఎక్కించాలో తెలిసినట్టు కాదు. ఈ రెండో లెక్క మన కొల్లేటి ప్రాంతపు క్యాజువాలిటీల్లో స్థిరపడింది కలరా వల్ల కాదు, పురుగుమందు వల్లనని నా వాదన.

తొలి ఘట్టాలు తెలిసినవే. స్కాట్లండ్‌లోని లీత్‌లో థామస్ లట్టా కలరాతో కొన ఊపిరిలో ఉన్న ఒక వృద్ధురాలికి అరగంటలో ఆరు పైంట్ల ఉప్పునీరు నరంలోకి పంపాడు. ఆమె తేరుకుంది. వాంతులు, విరేచనాలు తిరగబెట్టాయి. మళ్లీ ఎక్కించలేదు. కొన్ని గంటల్లో చనిపోయింది. క్రిములు చేరడం వల్లనే ఆ వైద్యం మూలపడిందని చెబుతుంటారు. అదీ ఒక కారణమే కావచ్చు గానీ, ఈమె విషయంలో జరిగిన లోపం వేరు: ఒంట్లోంచి పోతున్నదానికి తగ్గట్టు ఎక్కిస్తూ ఉండకపోవడం. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ రక్తం చిక్కదనం కొలిచి మోతాదు నిర్ణయించాడు. 1924లో అమెరికాలో రుడాల్ఫ్ మాటాస్ ఎడతెగకుండా ఎక్కించే డ్రిప్ గురించి రాశాడు. తర్వాత డ్రిప్ సెట్లకు కొలత కుదిరింది. మామూలు సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, మైక్రో సెట్టులో 60.

అయినా ఉప్పునీటి విషయంలో చుక్కలు కాస్త అటూ ఇటూ అయితే పడుచు శరీరం తట్టుకుంటుంది. మందు విషయంలో అలా కుదరదు. భీమడోలు, గుండుగొలను, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వరి పండే ప్రతి ఊళ్లోనూ పురుగుమందు డబ్బా ఇంటి చూరు కిందే ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ ఒంట్లోకి వెళితే నోటి వెంట నురగ, సూదిమొనంత కంటిపాపలు, నీరు నిండే ఊపిరితిత్తులు. విరుగుడు అట్రోపిన్. తక్కువైతే రోగి తన ఊపిరితిత్తుల్లోని నీటిలోనే మునిగిపోతాడు. ఎక్కువైతే జ్వరం, ప్రేలాపన, మూత్రం బిగింపు. ఊపిరితిత్తులు తేటపడేదాకా ఐదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. అందుకు పట్టిన మొత్తంలో 10 నుంచి 20 శాతం గంటగంటకూ డ్రిప్‌లో వెళ్లాలి.

మొత్తం 30 మిల్లీగ్రాములు పట్టిందనుకుందాం. పది శాతం చొప్పున గంటకు 3. మన ఆంపూల్ 0.6 మిల్లీగ్రాములది. 50 ఆంపూల్స్ కలిపి మొత్తం 500 మిల్లీలీటర్లు చేస్తే, గంటకు 50 మిల్లీలీటర్లు పోవాలి. మైక్రో సెట్టులో అది నిమిషానికి 50 చుక్కలు, మామూలు సెట్టులో 17. సెట్టు మారిందని గమనించకుండా 50 చుక్కలే వదిలితే మందు మూడింతలవుతుంది.

2012లో ప్రచురితమైన చిట్టగాంగ్ అధ్యయనంలో, మోతాదు రెట్టింపు చేస్తూ పోయి తర్వాత డ్రిప్ పెట్టే ఈ కొత్త పద్ధతిలో మరణాలు 8 శాతం, విడివిడి ఇంజెక్షన్ల పాత పద్ధతిలో 22.5 శాతం. అయితే ఎవరికి ఏ పద్ధతో వైద్యులకు తెలుసు. పైగా రెట్టింపు మోతాదులూ డ్రిప్పూ కలిసే ఉన్నాయి కాబట్టి ఘనతంతా డ్రిప్‌దే అనలేం. గుండె వైద్యులు డోపమిన్ మాటేమిటంటారు. నిజమే, కిలో బరువుకు నిమిషానికి ఇన్ని మైక్రోగ్రాములనే లెక్క దాంతోనే బలపడింది. కానీ అది ప్రధానంగా ఐసీయూ మందు. పురుగుమందు తాగినవాడిని ముందుగా తెచ్చేది దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికే, ఏ అర్ధరాత్రో.

ఇక ఇప్పటి సంగతి. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలై లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపింది. అయితే గుండుగొలను దగ్గర జాతీయ రహదారి మీద పరుగెత్తే బండిలో చుక్క నిలకడగా పడదు. సంచి ఎత్తు, మోచేయి వంపు, బండి కుదుపు అన్నీ వేగాన్ని మారుస్తాయి. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా వింత జబ్బు బారిన పడ్డారు, చాలామందికి ఫిట్స్. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ పెద్దవాళ్లకు నిమిషానికి 50 మిల్లీగ్రాములు మించితే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. అంతమంది ఒక్కసారిగా వచ్చిపడితే మంచానికో పంపు ఏ ఆసుపత్రి ఇవ్వగలదు?

పంపు మంచి సాధనమే, కాదనను. కానీ దశాంశ బిందువు తప్పు నొక్కితే పదింతల మందునూ అది అంతే నమ్మకంగా ఎక్కిస్తుంది. పంపు వచ్చిందని నర్సింగ్ విద్యార్థులకు చుక్కల లెక్క నేర్పడం తగ్గించడం నాకు సమ్మతం కాదు. నీరసమంటూ వచ్చిన ముసలివాళ్లకు డ్రిప్ గొట్టం మీది రోలర్ పూర్తిగా తెరిచి బాటిల్ ఖాళీ చేసే ఊరి అలవాటు అంతకన్నా ప్రమాదం. గుండె బలహీనమైతే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది. చిన్న ఆసుపత్రి నుంచి రోగిని ఏలూరు పంపేటప్పుడు చీటీ మీద మందు పేరొక్కటే రాస్తే చాలదు. సంచిలో ఎన్ని మిల్లీగ్రాములు కలిపారు, ఏ సెట్టు, నిమిషానికి ఎన్ని చుక్కలు, ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఈ నాలుగూ ఉండాలి.