సికిల్‌సెల్ వ్యాధి: ఆరోగ్యవంతులైన దంపతుల బిడ్డకు ఎందుకు వస్తుంది?

తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పటికీ వారి బిడ్డకు సికిల్‌సెల్ వ్యాధి రావచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనులతో పాటు గిరిజనేతర వర్గాలలోనూ కనిపించే ఈ రక్తవ్యాధి అంటువ్యాధి కాదు. ఇది జన్యువుల ద్వారా ఒక తరం నుంచి మరొక తరానికి అందుతుంది. ఆ అందే తీరు తెలిస్తే భిలాయ్ ఉక్కునగరంలోని కుటుంబాలు వివాహానికి ముందే జాగ్రత్తపడవచ్చు.

మెండెల్ చూపిన సూత్రం

ప్రతి లక్షణానికీ సంబంధించిన జన్యువులు జంటగా ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి వస్తుంది. గ్రెగర్ మెండెల్ పొడవు, పొట్టి బఠానీ మొక్కలను సంకరం చేసినప్పుడు మొదటి తరంలో అన్నీ పొడవుగానే పెరిగాయి. రెండవ తరంలో 787 పొడవు మొక్కలతో పాటు 277 పొట్టి మొక్కలు వచ్చాయి. అంటే పొట్టి లక్షణం నశించలేదు, మరుగున ఉండిపోయింది. 1866లో ప్రచురితమైన ఈ ఫలితాలను శాస్త్రలోకం 1900లో గాని గుర్తించలేదు.

రక్తంలో జరిగేది

సికిల్‌సెల్‌కు మూలం 11వ క్రోమోజోముపై ఉన్న బీటా గ్లోబిన్ జన్యువులోని చిన్న మార్పు. దానివల్ల ఆ ప్రోటీన్ గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలైన్ చేరుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారం దాల్చి సన్నని రక్తనాళాలలో అడ్డుపడతాయి. సాధారణంగా 120 రోజులు జీవించే కణాలు 10 నుంచి 20 రోజులకే నశిస్తాయి. తీవ్రమైన నొప్పులు, రక్తహీనత, తరచుగా ఇన్‌ఫెక్షన్లు ఇందువల్లనే కలుగుతాయి.

మారిన జన్యువు ఒక్కటే ఉన్నవారిని వాహకులు అంటారు. వీరు రోగులు కారు, సాధారణంగా వ్యాధి లక్షణాలు కనబడవు. పైగా తీవ్రమైన మలేరియా నుంచి వీరికి కొంత రక్షణ లభిస్తుంది. మలేరియా ప్రబలిన ప్రాంతాలలో ఈ జన్యువు నిలిచి ఉండటానికి ఇదే కారణం. అయితే వాహకుల శరీరంలో రెండు రకాల హిమోగ్లోబిన్ తయారవుతుంది కనుక కంటికి కనబడనిది రక్తపరీక్షలో బయటపడుతుంది.

ప్రతి గర్భంలోనూ అదే అవకాశం

దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకత్వం వచ్చే అవకాశం 50 శాతం, రెండూ రాని అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండవ బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. జన్యువులు ఇద్దరి నుంచీ అందుతాయి కనుక తల్లిని మాత్రమే నిందించడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

తెలుగు కుటుంబాలలో మేనరికాలు, అక్క కూతురిని వివాహమాడే ఆచారం ఉన్నాయి. ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన జన్యువు అటువంటి దంపతులిద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. బంధుత్వం లేని సంబంధాలలోనూ పరీక్ష అవసరమే. 1959లో ఉత్పత్తి ప్రారంభించిన ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం తెలుగువారితో సహా దేశం నలుమూలల వారు భిలాయ్‌కి వచ్చి స్థిరపడ్డారు. ఒకరు సికిల్‌సెల్ వాహకులు, మరొకరు బీటా థలసీమియా వాహకులు అయినా బిడ్డకు వ్యాధి రావచ్చు. హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్ష ఈ రెండింటినీ గుర్తించగలదు.

పరీక్ష, చికిత్స

జాతీయ సికిల్‌సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధానమంత్రి ప్రారంభించారు. 40 ఏళ్ల లోపు వారిలో 7 కోట్ల మందికి పరీక్షలు జరపడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దీని లక్ష్యాలు. పరీక్షలో జన్యుస్థితి తెలిసిన వారికి కార్డులు ఇస్తారు.

వ్యాధి ఉన్నవారికి వైద్యుల పర్యవేక్షణలో హైడ్రాక్సీయూరియా నొప్పి తరచుదనాన్ని తగ్గిస్తుంది. తగినంత నీరు తాగడం, టీకాలు వేయించుకోవడం, జ్వరం వచ్చిన వెంటనే వైద్యుని సంప్రదించడం అవసరం. వాహకులని తేలినంత మాత్రాన వివాహం మానుకోనక్కరలేదు. ఇద్దరి స్థితీ ముందే తెలిస్తే జన్యు సలహా తీసుకుని, గర్భస్థ శిశువు పరీక్షల గురించి తెలుసుకుని, సంతానం విషయంలో నిర్ణయం తీసుకోవచ్చు.